పైపులోకి నీళ్లు వచ్చే తీరు

మీటరు దాటి నూరు లీటర్లు పోతే సంపులోకి తొంభై మూడే చేరుతున్నాయని ఆడిట్ వాళ్లు తేల్చారు. మిగిలిన ఏడు ఎటు పోతున్నాయో ఎవరూ చెప్పలేకపోయారు. జవాబు దొరకనప్పుడు మనిషిని వెతుకుతారు. ఆ పంపుహౌసులో పదకొండేళ్లుగా ఉన్న మనిషిని నేను.

మా క్యాంపస్ గచ్చిబౌలిలో ఉంది. నాలుగు అద్దాల టవర్లు, పదహారు వేల మంది. వాళ్లు తాగే నీళ్లు, కడుక్కునే నీళ్లు రోడ్డు కింది పెద్ద లైను నుంచి పన్నెండు అంగుళాల పైపులో వచ్చి, పంపుహౌసు గోడలోంచి లోపలికి చొచ్చి, మీటరు దాటి సంపులో పడతాయి. సంపు పక్కనే వెనక గేటు. ఎండాకాలంలో ట్యాంకర్లు ఆ గేటు నుంచే వస్తాయి. దాని తాళంచెవి నా మొలతాడుకు ఉండేది. ఖాళీ చేసిపోయే ట్యాంకరు నింపుకుని కూడా పోగలదని ఎవరికో తోచింది.

ఫెసిలిటీ మేనేజరు పార్థసారథి గారు ఏలూరు వైపు మనిషి. గొంతు పెంచడు. నన్ను పిలిపించి కుర్చీ చూపించాడు. పదకొండేళ్లలో ఆ గదిలో నాకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి.

“మీ మీద అనుమానం కాదండి. పద్ధతి అంతే. విషయం తేలేదాకా ఆ తాళంచెవి నా దగ్గర ఉండనివ్వండి.”

తీసి బల్ల మీద పెట్టాను. కూర్చోలేదు.

లైను వెంట రెండు చోట్ల తవ్వించారు. లీకు లేదు. పాత మీటరు తీసి అదే చోట కొత్తది బిగించారు. అదీ అంతే చూపించింది. దాంతో మీటరు మంచిదని తేలింది. ఇక మిగిలింది నేనే. మీటరు మంచిదేనని ఇంకో నిపుణుడి చేత కాగితం మీద రాయించుకుని నన్ను పంపించాలన్నది వాళ్ల ఆలోచన. పంపడం అంటే ఇంటికా, పోలీసు స్టేషనుకా అన్నది చెప్పలేదు.

నా తర్వాతి షిఫ్టు తిరుపతిది. వరసకు మేనల్లుడు.

“ఏంది మామా, గిన్ని నీళ్లు అమ్ముకొని గా తెగిన చెప్పులే ఏసుకుంటున్నవ్. జర మంచియి కొనుక్కోరాదు.”

నవ్వించాలనే అన్నాడు. ఆ రోజు నుంచి నేను వాడితో మాట్లాడటం మానేశాను. షిఫ్టు అప్పగించేటప్పుడు పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లేవాణ్ని. ఇప్పటికీ అంతే.

మూడో టవరు ఆరో అంతస్తులో ఒక కంపెనీ ఉంది. పైపుల్లో నీళ్లు, నూనె, గాలి ఎట్లా పోతాయో కంప్యూటర్లో లెక్కగట్టడం వాళ్ల పని. దాన్ని సిమ్యులేషన్ అంటారు. పార్థసారథి గారు వాళ్లను అడిగాడు. వాళ్లు రసజ్ఞను పంపారు. కాకినాడ పిల్ల. ఇరవై ఆరేళ్లుంటాయి. మణికొండలో ఇద్దరు స్నేహితురాళ్లతో కిరాయికి ఉంటుందని తర్వాత తెలిసింది.

అంతకు ముందు వచ్చిన వాళ్లందరూ నేరుగా మీటరు దగ్గరికి పోయారు. ఈమె మీటరు వైపు చూడలేదు. మెడలో కార్డు తీసి బ్యాగులో పెట్టుకుని, గోడ దగ్గర వంగి, పైపు లోపలికి వచ్చే చోట అరచెయ్యి ఆనించి కొంతసేపు ఉంది. నేను ఎవరినీ త్వరగా మెచ్చుకోను. ఆ పని మాత్రం గమనించాను.

ఏం చేస్తారని అడిగాను. చెప్పింది.

“పైపు మొత్తం కంప్యూటర్లో గీయలేమండి. ఎక్కడో ఒకచోట కోసి, ఇదే మూతి అనుకోవాలి. ఆ మూతిలోంచి నీళ్లు ఏ తీరున వస్తాయో, ఎక్కడ ఎంత వేగమో మనమే చెప్పాలి. అక్కడ ఏం చెబితే కంప్యూటర్ అదే నమ్ముతుంది. దాని మీదే చివరిదాకా లెక్క చేసుకుపోతుంది.”

“నీళ్లన్నీ ఒక్క తీరుగనే వస్తయి గద, మేడం.”

“రావండి. మధ్యలో పరుగెడతాయి. గోడను ఆనుకున్నవి దాదాపు కదలవు.”

అది నాకు తెలుసని అప్పుడు తట్టింది. పాత పైపు ఏది కోసినా లోపలి గోడకు సన్నటి మట్టి పొర పట్టి ఉంటుంది. ఎంత ఒత్తిడితో నీళ్లు పోయినా ఆ పొర పోదు. ముప్పై ఏళ్లు ఫిట్టరుగా ఆ పొరను గీకాను కానీ ఎందుకుందని అడగలేదు. ఆ మాట ఆమెతో అన్నాను. బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి రాసుకుంది. ఏడో తరగతి చదివినవాడు చెప్పింది ఇంజనీరు రాసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత లైను డ్రాయింగు అడిగింది. బీరువాలోంచి తీసి ఇచ్చాను. రోడ్డు నుంచి పంపుహౌసు దాకా నలభై మీటర్లు ఒకే గీత. కింద ‘పని ఇదే ప్రకారం జరిగినది’ అని, దాని కింద నా సంతకం.

“ఇది మీ సంతకమేనా?”

“నాదే.”

“పైపు ఇలాగే ఉందా?”

“గట్లనే ఉంది.”

లేదు. అది చెప్పాలి.

ఇరవై ఒక్క ఏళ్ల కింద ఆ పైపు వేసింది నేనే. నాది ఖాజాగూడ. అప్పుడు ఇక్కడంతా గుట్టలు, గుండ్లు. మొదటి టవరు లేస్తోంది. గోడకు నాలుగు అడుగుల దూరంలో కందకంలో గుండు తగిలింది. ఏనుగు వీపంత రాయి. మందు పెట్టి పేల్చనివ్వరు, టవరు అద్దాలు పోతాయి. సుత్తీ ఉలితో కొడితే నాలుగు రోజులు. మర్నాడు పొద్దున పెద్దవాళ్లు వచ్చి వాల్వు తిప్పాలి. కాంట్రాక్టరు తల పట్టుకున్నాడు. నేను పైపును గుండు ముందు ఎడమకు తిప్పి, గుండు అంచు దాటాక గోడ రంధ్రం అందేలా కిందికి దింపి, మళ్లీ తిప్పి గోడలోకి పంపాను. సాయంత్రానికి మట్టి కప్పేశాం. వారం తర్వాత కాంట్రాక్టరు కాగితం తెచ్చాడు. టెండరు నాటి డ్రాయింగునే కాపీ తీసి, కింద ఒక వాక్యం కొట్టించాడు. అందరూ అలాగే చేస్తారు. పని అయ్యాక కొత్తగా గీసేవాడు ఒక్కడూ లేడు. సంతకం పెట్టాను.

మట్టి మోసిన కూలీల్లో నా భార్య పోచమ్మ ఉంది. ఆ కాగితం ఆమె కూడా చూసింది. చదవడం రాదు. గీత మాత్రం కనపడింది.

“గుండేది ఇందుల? తిప్పింది ఏది? లేనిదానికి ఎందుకు పెట్టినవ్ సంతకం?”

నీ పని మట్టి మోయడం, నా పని సంతకం పెట్టడం అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు. నాలుగేళ్ల కింద దవాఖానలో పోయేదాకా అడగలేదు.

రసజ్ఞ అడిగినప్పుడు నిజం చెప్పకపోవడానికి కారణం పెద్దదేం కాదు. వంకర తిరిగినా నీళ్లు నీళ్లే, ఎన్ని వచ్చాయో అన్నే పోతాయి, మీటరుకు దానితో పనేమిటి అనుకున్నాను. పైగా అప్పటికే దొంగ అంటున్నారు. అబద్ధాలకోరు అని కూడా అనిపించుకోవడం ఎందుకు.

మూడు రోజుల తర్వాత మొదటి లెక్క వచ్చింది. డ్రాయింగులో నలభై మీటర్లు నేరుగా ఉంది కాబట్టి, అంత దూరం నేరుగా ప్రయాణించిన నీళ్లు ఎలా వస్తాయో మూతి దగ్గర అలాగే ఇచ్చింది. మధ్యలో వేగం, అంచుల్లో నిదానం, చుట్టూ సమానం. ఆ ప్రకారం మీటరు నూటికి అర కూడా తప్పడం లేదు. పార్థసారథి గారికి కావలసిన కాగితం అదే. సోమవారానికి రాసివ్వమన్నాడు.

ఆమె రాయలేదు. చిన్న మీటరు ఒకటి ఎక్కడినుంచో అరువు తెచ్చింది. పైపు కోయనక్కరలేదు, పైన అటూ ఇటూ రెండు ముక్కలు బిగిస్తే లోపలి వేగం చెబుతుంది. క్యాంపస్ మీటరూ ఆ జాతిదే. పైపుకు అడ్డంగా ఒక్క గీత మీద మాత్రమే చూస్తుంది. ఆ ఒక్క గీత చూసి మొత్తం నీళ్లు ఇన్ని అని లెక్కిస్తుంది. ఈ చిన్నదాన్ని ఆమె పైపు చుట్టూ ఆరు చోట్లకు జరిపి, ఒక్కోచోట పావుగంట కూర్చుంది. చొక్కా మోచేతుల మీద గ్రీజు. ముణుకుల మీద మట్టి. చివరికి నోటుపుస్తకం నా ముందు పెట్టింది.

“చూడండి. నీళ్లు ఒకటే, పైపు ఒకటే. నేను నిలబడే చోటు మారితే అంకె మారుతోంది. ఇక్కడ ఏడు ఎక్కువ, అక్కడ అయిదు తక్కువ. నేరుగా వచ్చిన నీళ్లు ఇలా చేయవండి.”

పార్థసారథి గారు పంపుహౌసుకే వచ్చాడు. డ్రాయింగు నేరుగా ఉంది, మీ మొదటి లెక్కా సరిపోయింది, మీ మేనేజరు కూడా సరేనన్నాడు, ఇంకా ఎందుకమ్మా ఈ శ్రమ అన్నాడు. మెత్తగానే అన్నాడు. నేను వాల్వు దగ్గర నిలబడి వింటున్నాను. ఆ కాగితం మీద ఆమె పేరు పడితే నా పని అయిపోయినట్టే.

“మూతి దగ్గర నేను ఇచ్చింది నిజమో కాదో నాకు తెలీదు సార్. తెలియకుండా కింద నా పేరు రాయను.”

ఒక వారం గడువు అడిగింది. ఇచ్చాడు.

నేను వెల్డర్లను చూశాను, మేస్త్రీలను చూశాను, బోరు వేసేవాళ్లను చూశాను. పని వచ్చినవాళ్లు చాలామంది. చేసిన పని తప్పని తేలినప్పుడు ముఖం మాడ్చుకోని వాళ్లు మాత్రం తక్కువ. ఆ వారం ఆమె ఆరో అంతస్తు వదిలి నా పంపుహౌసులో మోటార్ల మోతలో కూర్చుంది. మూతి దగ్గర ఒక తీరు ఇచ్చేది. లెక్క గంటన్నర నడిచేది. అది ఆరు చోట్ల ఆరు అంకెలు చెప్పేది. వాటిని తాను కొలిచిన ఆరు అంకెల పక్కన పెట్టేది. కలవకపోతే కొట్టేసి ఇంకో తీరు. నీళ్లన్నీ ఒకే వేగంతో వస్తే? కలవలేదు. ఎడమకు ఒరిగి వస్తే? ఒక రెండు కలిశాయి, నాలుగు కలవలేదు. పైకి ఒరిగితే? తిరుగుతూ వస్తే? కుడికి తిరుగుతూనా, ఎడమకా? ప్రతిదానికీ నోటుపుస్తకంలో ఒక నంబరు, తేదీ, ఎందుకు కాలేదో ఒక వాక్యం. తప్పినవి కూడా శుభ్రంగా రాసేది. నంబరు నలభై ఒకటి దాకా వెళ్లింది. మధ్యాహ్నం డబ్బాలోంచి పులిహోర తినేది. నాకూ పెట్టేది. వద్దనేవాణ్ని. నాలుగో రోజు తీసుకున్నాను.

ఒకసారి కలిసిపోయాయి అనిపించే అంకెలు వచ్చాయి. అయిదు కలిశాయి, ఆరోది కొంచెం పక్కకు ఉంది. నేనైతే ఆరోదాన్ని కొలవడంలో తప్పు జరిగిందనేవాణ్ని. ఆమె లేచి పోయి ఆరోచోట మళ్లీ కొలిచింది. మొదటి అంకే వచ్చింది. లెక్క కొట్టేసింది.

శనివారం పొద్దున తొమ్మిదికి వచ్చింది. నలభై ఒకటో లెక్కకు ఆరు అంకెలూ కలిశాయంది. నా బల్ల మీది సుద్దముక్క తీసుకుని నేల మీద గోడ గీసింది. గోడలోంచి పైపు గీసింది. చెయ్యి ఆగలేదు.

“ఐలయ్య గారు, ఇంత చిన్న జాగాలో నీళ్లు తాడు పేనినట్టు మెలితిరిగి వస్తున్నాయి. ఒక్క వంపు ఉంటే ఒక పక్కకు ఒరుగుతాయి, అంతే. ఇలా మెలి పడాలంటే రెండు వంపులు వెంటవెంటనే ఉండాలి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. గోడ అవతల నాలుగు అడుగుల లోపు. పైపు పక్కనుంచి వచ్చి, ఇలా దిగి, ఇలా తిరిగి గోడలోకి రావాలి.”

గీసి, ఫోనుతో ఫొటో తీసుకుంది. తర్వాత లేచి సుద్ద దులుపుకుంది.

“డ్రాయింగులో లేదు. మీరూ లేదన్నారు. నా లెక్కే తప్పు కావచ్చు. తవ్వించమని అడిగే ముందు మిమ్మల్ని ఇంకోసారి అడుగుదామని వచ్చాను.”

నేల మీద చూశాను. ఇరవై ఒక్క ఏళ్ల కింద కప్పేసిన కందకం సుద్దతో గీసి ఉంది. మట్టి తీయలేదు, గోడ కొట్టలేదు. ఇవతలి పక్క నీళ్లను మాత్రమే అడిగి అవతల ఏముందో తెలుసుకుంది. దేవుడికి దండం పెట్టడం మానేసి నాలుగేళ్లు. ఆ గీతల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఉన్నది, బిడ్డా. నేనే పెట్టిన.”

“సంతకం?”

“అదీ నేనే పెట్టిన.”

ఆమె ఏదైనా అంటుందని చూశాను. నలభై ఒక్క లెక్కలు, ఒక వారం, వాళ్ల మేనేజరు దగ్గర మాట. అన్నీ నా ఒక్క అబద్ధం వల్లే. నేనైతే క్షమించేవాణ్ని కాదు. ఆమె నోటుపుస్తకం తెరిచి, వంపులు తొంభై డిగ్రీలవా, నలభై అయిదువా అని అడిగింది. తొంభై అన్నాను. కిందికి ఎంత దింపారు అంది. రెండడుగులు అన్నాను. ఇంకో వంపు కూడా ఉంది, గుండు ముందర, మొత్తం మూడు అన్నాను. అది దూరం కదండి, దాని గుర్తు నీళ్లలో మిగల్లేదు, అందుకే నాకు కనపడలేదు అంది. కనపడనిది కనపడలేదని చెప్పింది. అది కూడా గమనించాను.

ఇద్దరం పార్థసారథి గారి దగ్గరికి వెళ్లాం. అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అప్పుడు అబద్ధానికి సంతకం పెట్టారు. మొన్న అడిగితే అబద్ధం చెప్పారు. ఇవాళ నిజం చెబుతున్నారని ఎలా నమ్మమంటారండి?”

న్యాయమైన ప్రశ్న. రసజ్ఞ ఫోను ఆయన ముందు పెట్టింది.

“ఆయన చెప్పకముందే గీశానండి. టైము చూడండి. ఆయన్ని నమ్మక్కర్లేదు, నన్నూ నమ్మక్కర్లేదు. నాలుగు అడుగులు తవ్వించండి.”

మర్నాడు తవ్వారు. ముందు గుండు అంచు బయటపడింది. తర్వాత దాని పక్కన నా పైపు. వంపు గోడకు మూడు అడుగుల పది అంగుళాల దూరంలో ఉంది. తవ్వుతున్న కూలీ, ఈ మేడం చేతబడి గిట్ల చేస్తదా అని అడిగాడు. అడుగున నీళ్లు ఊరడంతో కింది వంపు బురదలో మునిగి ఉంది. అంతవరకు చాలన్నారు. పార్థసారథి గారు గుంట అంచున నిలబడి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నేను చూడలేదు.

సరైన వంపులతో లెక్క మళ్లీ నడిపింది. మీటరు చూసే గీత మీద నీళ్ల మెలి తోడై, లేని నీళ్లను ఉన్నట్టు చూపిస్తోంది. నూటికి ఆరు ముప్పావు. మిగిలిన పావు సంపు కొలతల్లోది. ఏ నీళ్లూ ఎటూ పోలేదు. మీటరును గుండుకు అవతల, నేరుగా ఉన్న పైపు మీదికి మార్చమని రాసింది. మార్చారు. ఇప్పుడు నూటికి తొంభై తొమ్మిది ముప్పావు చేరుతున్నాయి.

పార్థసారథి గారు తాళంచెవి తెచ్చాడు. తానే పంపుహౌసుకు నడిచి వచ్చాడు.

“పొరపాటు జరిగిందండి, ఐలయ్య గారు. ఉంచండి.”

“తిరుపతికి ఇయ్యండి సార్. నాకొద్దు.”

“ఇంకా మనసులో పెట్టుకున్నారా?”

“పెట్టుకున్న.”

ఆయన వెళ్లిపోయాడు. తాళంచెవి ఇప్పుడు తిరుపతి దగ్గరే ఉంటుంది.

రిపోర్టుతో పాటు కొత్త డ్రాయింగు పెట్టాలి. రసజ్ఞే గీసింది. మూడు వంపులు, వాటి కొలతలు, పక్కన గుండు కూడా గీసి ‘గుండు’ అని తెలుగులో రాసింది. డ్రాయింగులో రాయిని ఎవరూ గీయగా చూడలేదు. కింద ‘పైపు వేసినవారు’ అని ఖాళీ వదిలింది. నా ముందు పెట్టి పెన్ను ఇచ్చింది.

“చూసి పెట్టండి.”

చూశాను. కిందికి దిగే ముక్క రెండడుగులని ఉంది. ఆ కొలత టేపుతో తీసింది కాదు, నేను నోటితో చెప్పింది. కూలీలు ఇంకా గుంట పూడ్చలేదు. టేపు తీసుకుని దిగాను. మోకాళ్లు ఒప్పుకోలేదు, గుండు పట్టుకుని దిగాను. బురదలో చెయ్యి పెట్టి వంపు నుంచి వంపుకు కొలిచాను. పోచమ్మ గంప పెట్టుకున్న చోటు అదే. రెండుంబావు అడుగులు.

పైకొచ్చి చెప్పాను. మూడు అంగుళాల తేడాకు మీటరు లెక్క పెద్దగా మారదేమో అని తిరుపతి పక్కనుంచి అన్నాడు. మారకపోవచ్చు అని రసజ్ఞ కూడా ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే డ్రాయింగులో అంకె కొట్టేసి, లాప్‌టాప్ తెరిచి, లెక్క మళ్లీ మొదలుపెట్టింది. నోటుపుస్తకంలో నలభై మూడు అని వేసింది.

“గంటన్నర పడుతుందండి. మీకు షిఫ్టు అయిపోయింది కదా. రేపు పెట్టొచ్చు సంతకం.”

చేతులు కడుక్కుని వచ్చి, ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గంటన్నర తర్వాత ఆరు అంకెలూ చదివి వినిపించింది. ఆరూ కలిశాయి. అప్పుడు పెట్టాను.